మల్బా... మళ్లీ కాంక్రీటు!

పాత ఇల్లు కూల్చితే మిగిలేది చెత్తేనా? కాదు, కొత్త కట్టడానికి ముడిసరకు. కాకపోతే అది చెరువులో పడకుండా యంత్రం దాకా వెళ్లాలి!

జహనుమా, షంషీర్‌గంజ్, ఫలక్‌నుమా... పాతబస్తీలోని ఈ గల్లీల్లో ఓ పక్క పాత ఇల్లు కూలుతుంటే మరోపక్క కొత్త అంతస్తు లేస్తుంటుంది. దానికితోడు ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట వరకూ మెట్రో మార్గం కోసం 2025లో కూల్చివేతలు మొదలయ్యాయి. మరి ఆ ఇటుక ముక్కలూ, శ్లాబు పెచ్చులూ ఎక్కడికెళతాయి? ఇక్కడివాళ్లు 'మల్బా' అనే ఆ గుట్టలు రాత్రికి రాత్రే ఏ నాలా గట్టునో, చెరువు శిఖంలోనో ప్రత్యక్షమవడం నగరానికి కొత్త కాదు. నీటికి చోటు లేకపోతే ఏమవుతుందో 2020 అక్టోబరు వరదల్లో పాతబస్తీ కాలనీలు కళ్లారా చూశాయి.

తాతల నాటి కిటుకే!

ఇటుకను పొడిచేసి మళ్లీ గోడలో కలపడం మనకు తెలియని విద్యేం కాదు. సిమెంటు రాకముందు కాల్చిన ఇటుక పొడిని సున్నంలో కలిపి గానుగ పట్టేవారు. ఆ పొడే సుర్ఖీ. 1953లో పూర్తయిన తుంగభద్ర డ్యామ్ కట్టడంలోనూ దాన్నే వాడారు. ఇప్పుడు ఆ పాత్ర థర్మల్ విద్యుత్ కేంద్రాల బూడిదది. మనం కొనే పీపీసీ సిమెంటులో 15 నుంచి 35 శాతం దాకా ఉండేది ఆ బూడిదే. అది కలిసినంత మేర సున్నపురాయిని కాల్చే పని తగ్గుతుంది. ప్రపంచవ్యాప్తంగా వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో 7-8 శాతం సిమెంటు తయారీ నుంచే వస్తోంది మరి!

జీడిమెట్లలో ఏం చేస్తారంటే...

బూడిద సిమెంటును పొదుపు చేస్తే, మల్బా కంకరనూ ఇసుకనూ పొదుపు చేస్తుంది. 2020 నవంబరులో జీడిమెట్లలో రోజుకు 500 టన్నుల శిథిలాలను శుద్ధిచేసే కేంద్రం ప్రారంభమైంది. తర్వాత ఫతుల్లాగూడలోనూ మరొకటి వచ్చింది. ఇలాంటి చోట్ల ముందు కర్ర, ఇనుము, ప్లాస్టిక్ ఏరేస్తారు. మిగిలినదాన్ని యంత్రాల్లో నలగ్గొట్టి, జల్లించి, కడుగుతారు. అలా వచ్చిన కంకర, ఇసుకతో కాలిబాటల మీద పరిచే పేవర్ బ్లాకుల్లాంటివి తయారవుతాయి.

ఎంత కలపొచ్చు?

ఈ కంకరకు పాత సిమెంటు అంటుకుని ఉంటుంది కాబట్టి నీటిని ఎక్కువగా పీలుస్తుంది. అందుకే హద్దులున్నాయి. ఐఎస్ 383 ప్రమాణం 2016లో వాటిని స్పష్టం చేసింది. ఎం15 కన్నా తక్కువ రకం కాంక్రీటులో, అంటే పునాది కింద పరిచే బెడ్ లాంటివాటిలో, కంకర మొత్తం ఇదే వాడొచ్చు. ఇనుము లేని మామూలు కాంక్రీటులో 25 శాతం, ఎం25 వరకూ ఆర్‌సీసీలో 20 శాతం మించకూడదు. పిల్లర్లు, శ్లాబుల విషయంలో మేస్త్రీ మాట ఒక్కటే చాలదు, ఇంజినీరు పరీక్ష చేయించాల్సిందే.

మన వంతు

ఇల్లు కూల్చేటప్పుడు ఇటుక, కాంక్రీటు ఒక కుప్పగా, మిగతావి వేరుగా వేయించండి. ముఖ్యంగా ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ముక్కలు కలవనీయొద్దు. అందులోని జిప్సం కొత్త కాంక్రీటును దెబ్బతీస్తుంది. వంటింటి చెత్త సంగతి చెప్పక్కర్లేదు. వ్యర్థాలను వేరుచేసి అప్పగించే బాధ్యత యజమానిదేనని 2016 నాటి కేంద్ర నిబంధనలే చెప్పాయి.

కూలి బేరమాడేటప్పుడే కాంట్రాక్టరును ఇంకో మాట కూడా అడగండి... 'మల్బా ఎక్కడ పోస్తావ్?' అని. ఆ జవాబు మీదే వచ్చే వానాకాలం మీ గల్లీ పరిస్థితి ఆధారపడి ఉండొచ్చు!