చేపల తొట్టికి ఏ అద్దం మంచిది?



మొన్న సంక్రాంతి సెలవలకు మా మనవడు గుంటూరు వచ్చాడు. వచ్చినవాడు అరిసెలు తిని వూరుకోక, "అమ్మమ్మా, నాకు చేపల తొట్టి కావాలి" అని పట్టుబట్టి కూర్చున్నాడు. సరే, పిల్లాడి ముచ్చట! మా వారికి వెంటనే ఒక ఆలోచన తట్టింది. మా పాత డైనింగు టేబులు మీది అద్దం అటకెక్కి ఎన్నాళ్లనుంచో దుమ్ము కొట్టుకుంటోంది. అది టఫెన్డ్ గ్లాసు. ఫోనుల మీద అంటించుకునేదాన్ని టెంపర్డ్ గ్లాసు అంటారే, ఆ జాతిదే. "సుత్తితో కొట్టినా పగలదండీ" అని కొన్ననాడు షాపువాడు చెప్పిన మాట మా వారు మర్చిపోలేదు. దాన్నే ముక్కలు కోయించి తొట్టి కట్టిద్దామన్నారు. డబ్బు కలిసొస్తుందని నేనూ తలూపాను.

ఆటోలో వేసుకుని అద్దాల కొట్టుకు వెళితే, ఆ కుర్రాడు అంచు మీద వేలితో రాసి చూసి నవ్వాడు. "అమ్మగారూ, దీన్ని కొయ్యటం ఎవరి తరమూ కాదు. కట్టరు పెట్టానంటే పేలాలే మిగుల్తాయి" అన్నాడు. సుత్తికి లొంగని అద్దం చిన్న గీతకు పేలాలైపోవటమేమిటని మీకూ అనిపిస్తుంది గదా? ఆ గుట్టు తెలిస్తే చేపల తొట్టి సంగతి సగం తెలిసినట్టే.

మామూలు అద్దాన్ని తీసుకుని 600 డిగ్రీలు దాటేదాకా వేడి చేస్తారు. వెంటనే రెండువైపులా జోరుగా చల్లగాలి కొడతారు. గారె మూకుట్లోంచి తీసినప్పుడు పైన గట్టిగానూ, లోపల మెత్తగానూ వుంటుంది చూడండి, అలా అద్దం పైపొర ముందు బిగిసిపోతుంది. లోపలిది ఆ తరువాత నిదానంగా చల్లారుతూ ముడుచుకోబోతుంది, కాని బిగిసిన పైపొర దాన్ని ముడుచుకోనివ్వదు. అంచేత పైపొర ఎప్పుడూ నొక్కుడులో వుంటుంది, లోపలిది ఎప్పుడూ లాగుడులో వుంటుంది. ఆ నొక్కుడు వల్లనే దానికి మామూలు అద్దం కన్నా నాలుగైదు రెట్లు బలం. ఆ లాగుడు వల్లనే, గీత పైపొరను దాటి లోపలికి చేరిందంటే అద్దమంతా ఒక్కసారి విచ్చిపోతుంది. ఇంగ్లండులో రెండవ చార్లెస్ రాజుకు రూపర్ట్ అనే యువరాజు, కరిగిన గాజును నీళ్లలో వదిలి చేసిన తోకచుక్కల్లాంటి గాజు బొట్లు చూపించాడు, 1660 ప్రాంతంలో. తల మీద సుత్తి వేస్తే పగలదు, తోక కొస గిల్లితే బొట్టంతా పిండైపోతుంది. రాజుగారి ఆటవస్తువే ఇవాళ మన వంటింట్లోకి వచ్చింది.

వంటింట్లోకి అంటే నిజంగానే. మా గ్యాసు పొయ్యి పైభాగం అద్దానిది. పోయినేడు ఒక మధ్యాహ్నం పులుసు తెర్లుతూండగా, ఎవరూ ఏమీ తగిలించకుండానే, ఢామ్మని పేలింది. గట్టు మీదా, కిందా, నా చీర కుచ్చిళ్లలో కూడా పటికబెల్లం పలుకుల్లా ముక్కలు! పెద్ద గాయమేమీ కాలేదు. కత్తుల్లాంటి పెంకులు కాకుండా మొండి పలుకులుగా రాలటమే ఆ అద్దం గొప్ప. కారు పక్క కిటికీలకూ, స్నానాల గది తలుపులకూ దాన్ని వాడేది అందుకే. మనిషి పడ్డా ప్రాణం మీదికి రాకుండా వుండటానికి.

కాని అక్కయ్యా, చేపల తొట్టి అద్దం పని వేరు. దాని పని నీళ్లను ఆపటం.

ఎన్ని నీళ్లో లెక్క వేద్దాం. మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు వున్న తొట్టిలో రమారమి 125 లీటర్లు పడతాయి. లీటరు కిలో. అద్దం బరువూ, అడుగున పోసే గులకరాళ్లూ కలిపితే 150 కిలోలు దాటుతుంది. మన యార్డులో మిర్చి టిక్కీలు నాలుగు తెచ్చి ముందుగదిలో బల్ల మీద పేర్చినట్టు! నీళ్లు కిందికి బరువు వెయ్యటంతో వూరుకోవు, పక్కలకు తోస్తాయి. ఆ తొట్టి ముందు అద్దం మీద నిండా నీళ్లున్నప్పుడు పడే తోపు సుమారు 90 కిలోలు. తమాషా ఏమిటంటే, తొట్టి వెనక్కి ఎంత వెడల్పున్నా ఈ తోపు పెరగదు. ఎత్తు పెంచితే పెరుగుతుంది, రెట్టింపు ఎత్తుకు నాలుగింతలు. కాబట్టి పొడవు చూసి భయపడకండి, ఎత్తు చూసి భయపడండి.

మామూలు అద్దం పగిలేటప్పుడు చాలాసార్లు ముందు చెబుతుంది. మా పక్కింటి పిన్నిగారి తొట్టి అలాగే చెప్పింది. తెల్లవారుజామున ముగ్గు వెయ్యటానికి లేస్తే గుమ్మం కింద చెమ్మ. చూస్తే కింద మూల నుంచి వెంట్రుకంత పగులు, బొట్టుబొట్టుగా నీళ్లు. నన్ను కేకేసింది. ముందు మెయిను ఆపి, మోటారు ప్లగ్గు లాగేశాం. తడి చేత్తో స్విచ్చి జోలికి పోవటం కన్నా చేపలు పోవటమే నయం. తరువాత ప్లాస్టిక్ బకెట్లలోకి తొట్టి నీళ్లే తోడి, చేపల్ని అందులోకి మార్చాం. పిన్నిగారు కంగారులో ఇత్తడి బిందె తెచ్చింది గాని నేను వద్దన్నాను. ఇత్తడిలో రాగి వుంటుంది, రాగి నీళ్లలో దిగితే చేపలకు విషం. అరగంటలో పనంతా అయింది, ఒక్క చేప పోలేదు. తొట్టి ఎత్తి చూస్తే కింద కడపరాయి మీద బొబ్బరిగింజంత గులకరాయి!

అదే తొట్టి పక్కలు టఫెన్డ్ అద్దమైతే ఆ అరగంట దొరికేది కాదు. మా పొయ్యిలాగే ఢామ్మని, 125 లీటర్లూ ఒక్క వూపున నేల మీద. కింద కూచుని బొమ్మలాడుకునే పిల్లలుంటే, పక్కనే స్విచ్చిబోర్డు వుంటే... చెప్పనక్కరలేదు. పైగా దాని బలమంతా నడిమధ్య. అంచుల దగ్గరా, మూలల దగ్గరా చిన్న దెబ్బకే తెగబడుతుంది. తొట్టిలో అతుకులూ, బరువూ వుండేదేమో అక్కడే! చాలా అరుదుగానైనా, అద్దంలో నికెల్ సల్ఫైడ్ అనే కంటికానని నలుసు చిక్కుకుని, ఏళ్ల తరబడి నెమ్మదిగా వుబ్బి, ఏ కారణమూ లేకుండా పేల్చేస్తుంది కూడా.

కొందరు దుకాణదారులు మరోమాట చెబుతారు: "టఫెన్డ్ కాబట్టి పల్చటిది చాలమ్మా" అని. ఇది నమ్మకండి. టఫెన్డ్ చేసినందువల్ల అద్దం బిగువు పెరగదు. అదే మందం మామూలు అద్దం ఎంత వంగుతుందో, ఇదీ అంతే వంగుతుంది. పల్చటి అద్దం నీళ్ల తోపుకు బొజ్జలా ముందుకొస్తే, మూలల్లోని సిలికోను అతుకు లాగుకుపోతుంది. అద్దం నిలిచినా అతుకు వూడుతుంది. అందువల్ల డబ్బు పెట్టదలిస్తే మందానికి పెట్టండి. అడుగున్నర ఎత్తుకు 8 మిల్లీమీటర్లయితే నిశ్చింత. రెండడుగుల పొడవూ, అడుగెత్తూ వున్న చిన్న తొట్టికి 6 మిల్లీమీటర్లు ధారాళంగా సరిపోతుంది.

అలాగని టఫెన్డ్ వున్న తొట్టల్లా పారెయ్యమనటం లేదు. కంపెనీ తొట్లలో కొన్నిటికి అడుగు అద్దం మాత్రం టఫెన్డ్ వుంటుంది. వాళ్లు చేసినట్టే వాడుకుంటే దోషం లేదు. గొట్టం కోసం దానికి బెజ్జం వెయ్యబోతేనే ముప్పు. పాత తొట్టి కొంటున్నప్పుడు ఇలా చూడండి: కంప్యూటరు తెర మీద తెల్లటి పేజీ వెలిగించి, దాని ముందు ఖాళీ తొట్టి పెట్టి, పోలరైజ్డ్ చలవ కళ్లద్దాల్లోంచి చూస్తే టఫెన్డ్ అద్దంలో చారలో, మచ్చలో కనిపిస్తాయి. మామూలు అద్దం శుభ్రంగా వుంటుంది.

మరి మామూలు అద్దం పగిలితే పెద్ద పెంకులు కదా, పిల్లలకు కోసుకోదా అంటారు. కోసుకుంటుంది, కాదనను. అందుకే క్రికెట్టు ఆడే వసారాలోనూ, తలుపు తగిలేచోటా తొట్టి పెట్టకూడదు. రెండు అద్దాల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టిన లామినేటెడ్ అద్దం, కార్ల ముందు అద్దం లాంటిది, పగిలినా అతుక్కునే వుంటుంది గాని చిన్న తొట్టికి ఖర్చు దండగ. ఇక అక్రిలిక్ పగలదని చెప్పేవారికి బెర్లిన్ సంగతి చెప్పండి. అక్కడ ఒక హోటల్లో పది లక్షల లీటర్ల అక్వేరియం, అక్రిలిక్‌దే, 2022 డిసెంబరు 16న తెల్లవారకముందే బద్దలైంది. సుమారు 1500 చేపలుండేవి అందులో. జనం తిరిగే వేళ కాదు గనుక సరిపోయింది.

చివరకు మా మనవడికి రెండడుగుల తొట్టి, 6 మిల్లీమీటర్ల మామూలు అద్దంతో కట్టించాం. అంచులు నున్నగా రాయించాం. కింద చీమకుర్తి గ్రానైటు పలక, దాని మీద అర అంగుళం థర్మోకోల్ షీటు. షీటు వేసేముందు పలకను తడిగుడ్డతో తుడిచి, అరచేత్తో తడిమి చూశాను, గింజైనా లేకుండా. సిలికోను అతుకు ఆరేదాకా పులిసిన వెనిగరు వాసన వేస్తుంది. అది పూర్తిగా పోయాక తొట్టి నింపి, రెండు రోజులు వసారాలో వుంచి, చుట్టూ పాత వార్తాపత్రికలు పరిచాం. కాగితం తడవలేదు. మూడోరోజు నీళ్లు తోడేసి, తొట్టిని లోపలికి మార్చి, మళ్లీ నింపాం. మోటారు తీగను స్విచ్చిబోర్డు కన్నా కిందికి వేలాడేలా వదిలాం, తీగ వెంట జారిన నీటిబొట్టు బోర్డులోకి పోకుండా నేల మీదే పడుతుంది. చేపలు తెచ్చే వేళకు వాడి సెలవలు అయిపోయాయి. ఇప్పుడు రోజూ రాత్రి ఫోను చేసి, వాటికి అన్నం పెట్టావా అమ్మమ్మా అని అడుగుతున్నాడు.