జీతం లేని ‘గౌరవ’ ఉద్యోగం!

పగలంతా రోగులు. రాత్రయితే రసీదులు, మీటింగులు, మినిట్స్ పుస్తకాలు. పైసా రాకపోయినా ఆ పని నెత్తినేసుకునేవాళ్లు ప్రతి ఊళ్లోనూ నలుగురైనా ఉంటారు. ఆ నలుగురూ లేకపోతే?

రాత్రి తొమ్మిదిన్నర. ఆఖరి పేషెంటు వెళ్లిపోయాడు. కాంపౌండరు షట్టరు సగం దించేశాడు. డాక్టరుగారు స్టెతస్కోపు పక్కనపెట్టి సొరుగులోంచి ఓ రసీదు పుస్తకం తీశారు. అది ఆస్పత్రిది కాదు, డాక్టర్ల సంఘానిది. చందా కట్టనివాళ్ల జాబితా ముందేసుకుని ఒక్కొక్కరికే ఫోన్ చేయాలి. ‘రేపు పంపిస్తాలే’ అన్నవాళ్లకి ఎల్లుండి మళ్లీ చేయాలి. ఇంటి దగ్గర అన్నం చల్లారిపోతుంటుంది.

భారతీయ వైద్య సంఘం... అందరూ ఐఎంఏ అని పిలుచుకునే సంస్థకు శాఖ ఉన్న ఏ పట్నంలోనైనా కనిపించే దృశ్యమే ఇది. అక్కడ కార్యదర్శి పేరు ముందు ‘గౌరవ’ అని ఉంటుంది. గౌరవ కార్యదర్శి అంటే మర్యాద కోసం పెట్టిన మాట అనుకుంటారు చాలామంది. అసలు అర్థం వేరు... జీతం లేదని!

అలా మొదలైంది
ఈ సంఘం 1928లో కలకత్తాలో జరిగిన అఖిల భారత వైద్య మహాసభలో పుట్టింది. నీల్‌రతన్ సర్కార్, బిధాన్ చంద్ర రాయ్ లాంటి హేమాహేమీలు దాన్ని నిలబెట్టారు. చేతినిండా ప్రాక్టీసు ఉన్నవాళ్లే. అయినా సంఘం పనికి వేళ కేటాయించారు. బి.సి.రాయ్ తర్వాత పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి కూడా అయ్యారు. ఆయన పుట్టిందీ కన్నుమూసిందీ జులై 1నే. మనం డాక్టర్స్ డే జరుపుకునేది ఆ రోజునే. ఇప్పుడా సంఘంలో మూడు లక్షలమందికి పైగా సభ్యులున్నారు. కానీ ఊళ్లలో శాఖలు నడిచేది మాత్రం ఇప్పటికీ కొద్దిమంది సాయంత్రాల మీదే.

పనులు బోలెడు
కమిటీ అనగానే పూలదండలు, శాలువాలు, గ్రూపు ఫొటోలు గుర్తొస్తాయి. అవీ ఉంటాయి. కానీ ఫొటోలో కనిపించని పనే ఎక్కువ. 2002 నాటి వైద్యుల నియమావళి ప్రకారం ప్రతి డాక్టరూ ఐదేళ్లకోసారి కనీసం 30 గంటలపాటు కొత్త వైద్య విషయాలు నేర్చుకునే సదస్సులకు హాజరు కావాలి. ఆ సదస్సు పెట్టాలంటే హాలు మాట్లాడాలి, ఉపన్యాసకుణ్ని పిలవాలి, మైకు పనిచేస్తోందో లేదో చూసుకోవాలి, ఆఖరికి భోజనాల లెక్కా తేల్చాలి. పల్స్ పోలియో రోజుల్లో సంఘం సభ్యులు చుక్కల మందు శిబిరాల్లో కూర్చున్నారు. 2011 జనవరి తర్వాత దేశంలో సహజ పోలియో వైరస్ కేసు రాలేదు. 2014 మార్చి 27న పోలియో రహిత ధ్రువీకరణ వచ్చింది. ఆ విజయంలో వీళ్లకీ ఓ చిన్న వాటా ఉంది.

ఆస్పత్రిలో రోగి చనిపోయి గొడవ జరిగితే అర్ధరాత్రయినా మొదటి ఫోన్ వచ్చేది కమిటీవాళ్లకే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆస్పత్రుల మీద దాడుల్ని నిరోధించేందుకు 2008లో ప్రత్యేక చట్టమే వచ్చింది. చట్టం ఉన్నా అక్కడికి వెళ్లి రెండువైపులా మాట్లాడే మనిషి కావాలి కదా! ‘మా తరఫున గట్టిగా నిలబడలేదు’ అని డాక్టరు అంటాడు. ‘మీరంతా ఒక్కటే’ అని బంధువులు అంటారు. రెండు మాటలూ పడాల్సింది మధ్యలో ఉన్నవాడే.

ఇంట్లో మాటలు
ఇక ఇంటి సంగతి చెప్పక్కర్లేదు. ‘ఊళ్లో డాక్టర్లందరి మంచీచెడ్డా చూస్తారు, అబ్బాయి స్కూలుకెళ్లడానికి మాత్రం తీరిక ఉండదు’ అన్న దెప్పిపొడుపు వినని కార్యదర్శి ఉండకపోవచ్చు. దానికితోడు సంఘంలోనూ వర్గాలుంటాయి. చేసినవాడిమీదే విమర్శలు. అందుకే ‘మనకెందుకొచ్చిన తంటా’ అని కుర్ర డాక్టర్లు తప్పుకుంటుంటే, పాతవాళ్లే కుర్చీలు మార్చుకుంటూ నెట్టుకొస్తున్న శాఖలూ ఉన్నాయి.

మరి చేసేవాళ్లు ఎందుకు చేస్తున్నట్టు? జవాబు ఆ రసీదు పుస్తకంలోనే ఉంది.

వైద్య సంఘాల్లో కుటుంబ భద్రత పథకాలుంటాయి. సభ్యుడు చనిపోతే మిగతా సభ్యులు తలా కొంత వేసుకుంటారు. ఆ మొత్తం అతని కుటుంబానికి చేరుతుంది. డాక్టరంటే డబ్బున్నవాడనే లోకం అనుకుంటుంది. కానీ అప్పుచేసి నర్సింగ్‌హోమ్ కట్టిన నాలుగేళ్లకే మనిషి పోతే, ఆ ఇంటి పరిస్థితి ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. అయితే వాటా కట్టడం మానేసిన సభ్యుడికి పథకం వర్తించదు. అంటే... విసుక్కుంటూ ఎత్తిన ఆ ఫోన్‌కాలే ఒక్కోసారి ఓ కుటుంబాన్ని నిలబెడుతుందన్నమాట!

2021లో కొవిడ్ రెండో దశలో చనిపోయిన వైద్యుల జాబితాను ఐఎంఏ రాష్ట్రాలవారీగా ప్రకటించింది. వందల పేర్లు. అందులో ఒక్క పేరు చేరాలన్నా ఆ ఊళ్లో ఎవరో ఒకరు కబురు తెలుసుకోవాలి, పైవాళ్లకు చెప్పాలి. దానికీ జీతం లేదు.

మీరూ చేరాలనుకుంటే...
డాక్టర్లే కాదు... ఇంజినీర్లు, ఆడిటర్లు, లాయర్లు, ఎవరి సంఘంలోనైనా పని తీరు దాదాపు ఇంతే. కొత్తగా కమిటీలోకి వెళ్లేవాళ్లు ఇవి గుర్తుంచుకుంటే మంచిది.
* ముందు నియమావళి చదవండి. కోరం ఎంతో, ఓటు ఎవరికో తెలియకుండా మీటింగులో నోరు తెరవొద్దు.
* పదవి కాదు, పని అడగండి. వార్తాపత్రికో, సదస్సుల ఏర్పాటో ఒక్కటి తీసుకుని పూర్తిచేయండి.
* డబ్బు వ్యవహారంలో రసీదు లేకుండా రూపాయి కూడా ముట్టుకోవద్దు. ఆడిట్‌ను అనుమానం అనుకోవద్దు, అది మీకే రక్ష.
* వారంలో ఎన్ని గంటలు ఇవ్వగలరో ముందే ఇంట్లో మాట్లాడుకోండి.
* దిగిపోయేలోగా మరొకరికి పని నేర్పండి.

పదిన్నరైంది. జాబితాలో ఇంకో పేరు మిగిలింది. ఇప్పుడు చేస్తే విసుక్కుంటాడేమో! డాక్టరుగారు ఓ క్షణం ఆలోచించారు. అతనికి ఇద్దరు చిన్నపిల్లలు.

ఫోన్ చేశారు.