పావులూరి గణితమున చతురంగ సంఖ్య – పాఠపరీక్ష

చతురంగ ఫలకమున 64 గళ్ళు కలవు. మొదటి గడిలో ఒక గింజ, రెండవ దానిలో రెండు, మూడవ దానిలో నాలుగు చొప్పున రెట్టించుచు పోయినచో గింజల మొత్తము 18446744073709551615 అగును. ఇది రెండు యొక్క 64వ ఘాతమునకు ఒకటి తక్కువ. గింజ బరువు 25 మిల్లీగ్రాములుగను, ఘనమీటరు బియ్యము 800 కిలోలుగను గ్రహించినచో, పిడుగురాళ్ళ మొదలు బాపట్ల తీరమువరకు గల 11,391 చదరపు కిలోమీటర్ల పూర్వపు గుంటూరు జిల్లా నంతటిని ఆ బియ్యము సుమారు 50 మీటర్ల ఎత్తున కప్పివేయును.

ఈ సంఖ్యను తెలుగు పద్యమున నిబంధించినవాడు కమ్మనాటి పావులూరి మల్లన. మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును అతడు తెనిగించెను. పద్యమున అంకెలకు మారుగా భూతసంఖ్యా పదములు కలవు. శరము 5, శశి 1, అగ్ని 3, అబ్ధి 4, గిరి 7, తర్కము 6, గగనము 0. అంకెలు ఒకట్ల స్థానమునుండి ఎడమకు నడచును.

పరిష్కర్తకు చిక్కు ఇచ్చటనే కలదు. అగ్ని, అబ్ధి – రెండును గురులఘువులే, రెండును అకారాదులే. లేఖకుడు ఒకదానికి మారుగా వేరొకటి వ్రాసినను గణము చెడదు, యతి తప్పదు. అదిగాక సముద్రములు నాలుగనియు, ఏడనియు రెండు వ్యవహారములు గలవు. ఇట్టి తావుల ఛందస్సు తీర్పు చెప్పజాలదు, గణితము చెప్పగలదు.

రెండు యొక్క ఆరవ ఘాతమును 9చే భాగించిన శేషము 1. కావున 64వ ఘాతమునకు శేషము 7. అందొకటి తీసివేయగా 6. పద్యమందలి ఇరువది అంకెల మొత్తము 87; దాని శేషమును 6. అగ్ని స్థానమున అబ్ధి చేరినచో మొత్తము 88, శేషము 7 అగును, దోషము బయటపడును. అబ్ధి, పయోనిధులను రెండింటిని ఏడుగా గ్రహించిన మొత్తము 93, శేషము 3. కనుక ఇచ్చట సముద్రము నాలుగే.

గిరి, తర్కములు స్థానములు మార్చుకొన్నచో మొత్తము మారదు. అప్పుడు 11తో పరీక్షింపవలెను. బేసి స్థానముల మొత్తమునుండి సరి స్థానముల మొత్తమును తీసివేయగా 37. 11చే భాగించిన శేషము 4. ఉండవలసినదియు 4. వ్యత్యస్త పాఠమున 35 వచ్చి, శేషము 2 అగును.

ఈ సంఖ్యకు 3, 5, 17, 257, 641, 65537, 6700417 అను ఏడు అభాజ్య కారణాంకములు కలవు. 4294967297 అభాజ్యమని 17వ శతాబ్దిలో ఫెర్మా తలచెను. అది 641చే నిశ్శేషముగా భాగింపబడునని 1732లో ఆయిలరు చూపెను. మహాసంఖ్యల విషయమున ఊహకంటె భాగహారమే ప్రమాణము. ప్రాచీన గణిత గ్రంథముల పరిష్కరణమునకును ఇదియే నియమము: సంఖ్యావాచక పాఠభేదమును ప్రతుల ఆధిక్యముచేతగాక, లెక్కచేత నిర్ణయింపవలెను.