కృత్రిమ స్వచ్ఛపటలము

ప్రభువైన యేసు బేత్సయిదాలో నొక గ్రుడ్డివానిపై రెండు పర్యాయములు చేతులుంచినట్లు మార్కు సువార్తయందు చదువుచున్నాము. వానికి మొదట మసకగాను, పిమ్మట స్పష్టముగాను కనబడెను. నేటి నేత్రవైద్యమునందును ఇట్టి రెండవ శ్రద్ధ యావశ్యకమని తెలుపుటకే యీ వ్యాసము. సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతమున ఔషధ, రసాయన కర్మాగారములు పెక్కు గలవు గావున, ఈ విషయము మనకు దూరమైనది కాదు.

కంటి ముందుభాగమున గడియారపు అద్దమువలె నుండు పొరయే స్వచ్ఛపటలము. వైద్యులు దీనిని కార్నియా యందురు. వెలుగు దీనిగుండ లోనికేగి, వెనుకనున్న రెటీనా యను నేత్రపటలముపై బడును. మొదటిది కిటికీ, రెండవది తెర. క్షారముగాని ఆమ్లముగాని కంటబడినచో కిటికీ తెల్లబారును. సున్నమువంటి క్షారములు ఆమ్లములకంటె లోతుగా చొచ్చుకొనిపోవును.

1905వ సంవత్సరమున ఎడ్వర్డ్ జిర్మ్ అను వైద్యుడు, సున్నముచే కన్నులు కాలిన యొక కూలివానికి, ఒక బాలుని కంటినుండి తీసిన స్వచ్ఛపటలము నతికి చూపు దెప్పించెను. కాని కొన్ని కన్నులలో అతికిన పొర మరలమరల చెడిపోవును. అట్టివారికై బోస్టన్ నగరమున క్లాస్ డోల్మన్ అను వైద్యుడు చొక్కాగుండీని బోలిన కృత్రిమ స్వచ్ఛపటలమును రూపొందించెను. ముందు ప్లాస్టిక్ కటకము, వెనుక రంధ్రములుగల పలక, నడుమ దాత యిచ్చిన పొర. ఇదియే దాని నిర్మాణము. 1987లో హైదరాబాదున నెలకొన్న ఎల్. వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థయందును ఈ శస్త్రచికిత్స చేయబడినది.

అయితే, కిటికీని మార్చినంతమాత్రమున తెరకు క్షేమము కలుగదు. కృత్రిమ కటకమునకు వెనుక నొక పొర పెరిగి వెలుగు నడ్డగింపవచ్చును. పలుచనిదైనచో లేజరు కిరణముతో దానిని చీల్తురు. నేత్రపటలము మధ్యభాగము వాచవచ్చును. సూక్ష్మజీవులు చొరబడి కన్నంతయు చీము పట్టవచ్చును. అన్నిటికంటె భయంకరమైనది నేత్రపటలము గోడనుండి యూడుట. దానికి నొప్పి తెలుపు నరములు లేనందున, రోగి యేమియు నెరుగకయే చూపు గోల్పోవచ్చును. మెరుపులు, క్రొత్తగా నల్లని చుక్కలు, ప్రక్కనుండి చీకటి తెర దిగినట్లుండుట దీని గుర్తులు. కంటిలోని యొత్తిడిని మామూలు పరికరముతో సరిగా కొలువ వీలుకాదు. వైద్యుడు వ్రేలితో తాకి యంచనా వేయును. కిటికీ యిరుకైనందున లోపలి తెర యంతయు కానరానియెడల, వినరాని ధ్వనితరంగములతో పరీక్షింతురు. కావున, చూపు వచ్చినదని సంతసించి చుక్కల మందు మానుటయు, కూలి పోవునని వైద్యునియొద్దకు పోకుండుటయు గొప్ప పొరపాటు. ఈ జాగ్రత్త జీవితాంతము వహింపవలసినది.

బాలబాలికలారా! ఈ మాట మీ యిండ్లలో చెప్పుడు. పనివేళ రక్షణ కళ్లద్దములు ధరింపవలెను. రసాయనము కంటబడినచో నేతిని, పాలను, ఆకుపసరును వేయక, తక్షణమే రెప్పలు విప్పి, అరగంటసేపు మంచినీటి ధారతో కడిగి, ఆసుపత్రికి పోవలెను. ఆ మొదటి నిమిషములలో పోసిన నీరు, పిమ్మట చేయు శస్త్రచికిత్సలనేకముల యక్కరను తప్పింపగలదు. దేవుడిచ్చిన కిటికీకి సాటియైనదానిని మనుష్యు డింకను చేయలేదు.