తీర రైతు మార్పుకు ప్రేరణ ఏది?

వాతావరణ మార్పును గోదావరి డెల్టా రైతు గుర్తించలేదనడం సరికాదు. నవంబరు తుపానుకు పనల మీదనే ధాన్యం మొలకెత్తడం అతనికి అనుభవమే. ముంపును సుమారు రెండు వారాలు తట్టుకునే స్వర్ణ సబ్-1 వంటి రకాలున్నా, రైతు ముందుగా ఆలోచించేది మిల్లరు కొంటాడా అన్నదే. నాట్లు ముందుకు జరిపితే కోత తుపానుకు ముందే ముగుస్తుంది. కాని కాలువకు నీరు వదిలే తేదీ అతని చేతిలో లేదు. మురుగు కాలువలు పూడిపోతే ఒక్క రైతు చేయగలిగిందీ స్వల్పమే. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతుల పంట విరామానికి గిట్టుబాటు ధర, కూలీల కొరతతో పాటు ఇదీ ఒక కారణం.

కౌలుదారు పరిస్థితి మరీ క్లిష్టం. వచ్చే ఏడు అదే పొలం దక్కుతుందన్న హామీ లేనప్పుడు చౌడు బాగుకు జిప్సం, పచ్చిరొట్టలపై అతడెందుకు ఖర్చు చేస్తాడు? గుర్తింపు పత్రం లేకుంటే నష్టపరిహారమూ భూయజమాని ఖాతాకే చేరవచ్చు.