ఖాళీ బండి కబురు ఎవరి చేతిలో?
కార్లు, ఆటోలలో కమీషన్ పోయి చందా వచ్చినది. లారీ బ్రోకర్లు గమనించవలసిన పరిణామం

రాజమండ్రి: గోదావరి డెల్టా వర్తకంలో లారీ కిరాయి కూడా ఒక సరుకు వంటిదే. అంబాజీపేటలో కొబ్బరి ధర ఎంత అన్నది ఎంత ముఖ్యమో, ఆ కాయ కోనసీమ దాటి మహారాష్ట్ర, గుజరాత్ చేరడానికి బస్తాకు ఎంత పడుతుందన్నదీ అంతే ముఖ్యం. రావులపాలెం యార్డులో అరటి గెలలకు పాట ఎంత బాగా పలికినా, సాయంత్రానికి బండి దొరకకపోతే ఆ ధర కాగితం మీదనే ఉంటుంది. తాడేపల్లిగూడెం ఉల్లి, మండపేట బియ్యం, అనపర్తి గుడ్లు, ఆకివీడు చేపలు, కడియం మొక్కలు, అన్నింటిదీ ఇదే వరుస. ఈ కదలికకంతటికీ ఇరుసు ఒక చిన్న కబురు: ఖాళీ బండి ఎక్కడున్నది, లోడు ఎక్కడున్నది? రెండూ ఎరిగినవాడు బ్రోకరు. అతని కమీషన్‌లో పెద్ద భాగం ఆ ఎరుకకు చెల్లే ధరే.

ఆ ఎరుక ధర ఎంత వేగంగా పడిపోగలదో నగరాలలోని కార్లు, ఆటోల కిరాయి వ్యాపారం గత పదేళ్లలో చూపించినది. ఫోనులో బండి పిలిపించే కంపెనీలు మొదట్లో ప్రతి కిరాయిలో ఐదోవంతు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి మినహాయించుకునేవి. 2023 తరువాత అవే కంపెనీలు ఒకదాని వెంట ఒకటిగా కమీషన్ వదులుకుని, డ్రైవరు వద్ద రోజువారీ చందాకు దిగినవి. ప్రయాణికుల కిరాయి మన పేజీకి సంబంధించిన విషయం కాదనుకునే వర్తకులు కూడా ఈ పతనానికి కారణాలు తెలుసుకోవడం మంచిది.

కబురుకు గిట్టుబాటు

1970లలో, 80లలో ఈ కబురు చాలా ఖరీదైనది. విజయవాడకో మద్రాసుకో కలకత్తాకో ట్రంకాలు బుక్ చేసి లైను కలిసేవరకు కనిపెట్టుకుని ఉండాలి. తొందరైతే అర్జెంటు కాలు, మరీ తొందరైతే లైట్నింగ్ కాలు. రేటు కూడా పిడుగులాగానే పడేది. కలకత్తా లైను ముందు కలిసినవాడికి అక్కడి ధర ముందు తెలిసేది, రెండోవాడికి తెలిసే లోపల సరుకు కొనేసేవాడు. ఎస్.టి.డి. వచ్చిన తరువాత ఆ వెసులుబాటు గంటల నుంచి నిమిషాలకు దిగినది. సెల్‌ఫోన్లతో దాదాపు అడుగంటినది.

ఇందుకు లెక్క కట్టినవారు కూడా ఉన్నారు. ఉత్తర కేరళ తీరానికి 1997 నుంచి 2001 వరకు సెల్‌ఫోను సౌకర్యం దశలవారీగా వచ్చినప్పుడు కవ్వల చేపల ధరలు ఏమైనవో రాబర్ట్ జెన్సెన్ అనే అమెరికన్ ఆర్థికవేత్త పరిశీలించి 2007లో ప్రచురించారు. ఫోను రాక ముందు ఒక రేవులో కొనేవాడు లేక చేప పారబోస్తున్న రోజునే, దగ్గరలోని మరొక రేవులో చేప దొరక్క ధర మండిపోయేది. ఫోను వచ్చాక పడవవాళ్లు సముద్రం మీద నుంచే ధర కనుక్కుని రేవు మార్చుకున్నారు. పారబోత ఆగినది. జాలరి లాభం సుమారు 8 శాతం పెరిగినది, కొనేవాడికి ధర సుమారు 4 శాతం తగ్గినది. రేవుకూ రేవుకూ మధ్య తేడా మీద బ్రతికినవాడెవడైనా ఉంటే అతని సంగతి వేరే చెప్పనక్కరలేదు.

తెలుగువారికి మరింత దగ్గర ఉదాహరణ బస్సు సీట్లది. నిజామాబాదు జిల్లాకు చెందిన ఫణీంద్ర సామ బెంగుళూరులో ఇంజనీరు ఉద్యోగం చేస్తూ, 2005 దీపావళికి ఇంటికి రావడానికి టిక్కెట్టు కోసం ఏజెంట్ల చుట్టూ తిరిగి దొరక్క ఆగిపోయారు. ఏ ఏజెంటుకూ తనకు తెలిసిన నాలుగు బస్సులు తప్ప మిగిలినవాటి సంగతి తెలియదు. బస్సు యజమానికి సైతం ఏ ఏజెంటు వద్ద ఎన్ని సీట్లు మిగిలినవో బస్సు బయలుదేరే వేళ వరకు తెలియదు. సీట్లు ఖాళీగా పోతూనే ఉన్నవి, ప్రయాణికుడు నిలబడిపోతూనే ఉన్నాడు. 2006లో మిత్రులతో కలిసి ఆయన ప్రారంభించిన రెడ్‌బస్ ఈ చెల్లాచెదురు జాబితాలను ఒక్కచోటికి చేర్చినది. యజమానులకు సీట్ల లెక్క చూసుకునే కంప్యూటరు ఏర్పాటు కూడా అదే సమకూర్చినది. 2013లో ఆ కంపెనీని ఇబిబో సంస్థ కొన్నది. రెడ్‌బస్‌కు సొంత బస్సు ఒక్కటి కూడా లేకపోవడం ఇక్కడ గుర్తుంచుకోవలసిన విషయం. సంక్రాంతికి హైదరాబాదు నుంచి కోనసీమకు, భీమవరానికి వచ్చే ప్రైవేటు బస్సుల టిక్కెట్లు హెచ్చడం మానలేదు. కాని ఎంత హెచ్చినదో ఇప్పుడు అందరికీ ఒకేసారి తెలుస్తున్నది.

హైదరాబాదులో పోటీ

కార్ల కిరాయిలో ఇదే పని చేయబూనినవి ఓలా, ఊబర్ కంపెనీలు. ఊబర్ 2009లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టినది. కార్డు మీద డబ్బు దానంతట అదే చెల్లిపోవడం, చేతులు మారకపోవడం దాని ఏర్పాటుకు పునాది. అటువంటి కంపెనీ ఆ నియమాన్ని సడలించి నగదు పుచ్చుకోవడం మొట్టమొదట ప్రారంభించినది 2015 మే నెలలో మన హైదరాబాదులోనే. మన ఊళ్లలో నగదు లేనిదే బేరం లేదన్న సంగతి అప్పటికి దానికి తెలిసివచ్చినది. అయితే నగదుతో ఒక చిక్కు కూడా వచ్చినది. కార్డు అయితే కంపెనీ తన కమీషన్ పట్టుకుని మిగిలినది డ్రైవరుకు ఇస్తుంది. నగదు అయితే మొత్తం డ్రైవరు జేబులో ఉంటుంది, కమీషన్ అతని వద్ద వసూలు కావాలి. చేతిలో పడిన డబ్బుకూ రావలసిన డబ్బుకూ ఉన్న తేడా ఏమిటో లారీ ఆఫీసులవారికి వివరించనక్కరలేదు.

ఆ రోజులలో కంపెనీల ఎత్తుగడ ఒక్కటే. బండ్లు ఎక్కువ ఉన్నచోటికి గిరాకీ వస్తుంది, గిరాకీ ఉన్నచోటికి బండ్లు వస్తవి. కాబట్టి ముందుగా నష్టానికి ఓర్చి రెండింటినీ పోగుచేసినవాడిదే బజారు. ప్రయాణికుడికి కిరాయి తగ్గించారు, డ్రైవరుకు రోజుకు ఇన్ని ట్రిప్పులకు ఇంత అని ప్రోత్సాహకాలు ఇచ్చారు. ఆ రాబడి నమ్మి అప్పు చేసి కార్లు కొన్నవారు కోకొల్లలు. 2015 మార్చిలో ఓలా తన పోటీదారు టాక్సీఫర్‌ష్యూర్‌ను 20 కోట్ల డాలర్లకు కొన్నది. తరువాత ప్రోత్సాహకాలు కోసివేయగా, 2016 ఆఖరు నుంచి 2017 మొదటి నెలల వరకు హైదరాబాదులో, ఢిల్లీలో డ్రైవర్లు బండ్లు ఆపి సమ్మెకు దిగారు. పై దేశాలలోనూ ఇదే కథ నడిచినది. ఊబర్ చైనాలో తన వ్యాపారాన్ని 2016లో డీడీ కంపెనీకి, ఆగ్నేయాసియాలో 2018లో గ్రాబ్ కంపెనీకి అప్పగించి వైదొలగినది.

ఇంత డబ్బు గుమ్మరించినా బజారు ఎవరికీ పూర్తిగా చిక్కలేదు. మొదటి కారణం, డ్రైవరు ఫోనులో ఒకటికి మూడు కంపెనీలు ఉంటవి. ఏ కంపెనీ బేరం ముందు మోగితే అటు పోతాడు, కూడలిలో నిలబడిన లారీ డ్రైవరు నాలుగు ఆఫీసులకు ఫోను చేసినట్లే. రెండవది, ఈ బలం ఊరికి ఊరే. హైదరాబాదులో లక్ష బండ్లున్నా అమలాపురంలో వాటివల్ల ఒక్క బండి కూడా పెరగదు. ప్రతి ఊరిలోనూ అప్పు మళ్లీ మొదటి నుంచి పెట్టాలి. సీటుకు ఇంత అని జనాన్ని ఎక్కించుకునే సర్వీసు ఆటోలు నడిచే మన పట్టణాలలో ఆ పెట్టుబడి తిరిగి రావడం ఇంకా కష్టం.

2022 నవంబరులో బెంగుళూరులో ఆటో డ్రైవర్ల తోడ్పాటుతో నమ్మ యాత్రి అనే ఏర్పాటు మొదలైనది. అది కమీషన్ తీసుకోదు. మరుసటి సంవత్సరం రోజుకు 25 రూపాయల చందా పెట్టినది. ఒక ఆటో రోజుకు 1,000 రూపాయల కిరాయి చేస్తే, 20 శాతం లెక్కన పాత పద్ధతిలో 200 రూపాయలు పోయేది; ఈ పద్ధతిలో పోయేది 25. ఇంత తేడా కళ్లకు కట్టిన తరువాత డ్రైవరును పట్టి ఉంచడం ఎవరితరం? బైకు టాక్సీలతో 2015లో మొదలైన రాపిడో ఆటోలకు, కార్లకు చందా పద్ధతి పెట్టి ముందుకు దూసుకువచ్చినది. ఊబర్ 2025 ఫిబ్రవరిలో ఆటోలకు, ఓలా 2025 జూన్‌లో దేశమంతటా కమీషన్ ఎత్తివేసినవి. సమాచారం వారి వద్దనే ఉన్నది. అటువంటిదే మరొకరి వద్ద చౌకగా దొరకడంతో దాని ధర పడిపోయినది.

యార్డు పాట, ఫోను పాట

రేటు కట్టే పద్ధతి మీద కూడా వివాదాలు లేకపోలేదు. గిరాకీ హెచ్చినప్పుడు రేటు హెచ్చడం వర్తకులకు కొత్త కాదు. కాని రావులపాలెంలో పాట అందరి చెవిన పడుతుంది. ఫోనులో రేటు ఆ ఒక్కడికే కనిపిస్తుంది. ఒకే దూరానికి ఫోను రకాన్ని బట్టి వేర్వేరు రేట్లు చూపిస్తున్నారన్న ఫిర్యాదులపై కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2025 జనవరిలో ఓలా, ఊబర్‌లకు నోటీసులు ఇచ్చినది. ఆ కంపెనీలు ఆరోపణను త్రోసిపుచ్చినవి. అంతకు ముందే మరొక వాదం వచ్చినది. వేలమంది డ్రైవర్లు తమలో తాము పోటీ పడకుండా కంప్యూటరు అందరికీ ఒకే రేటు కట్టడం వర్తకులు రింగు కట్టడం వంటిదే గదా అని. డ్రైవర్ల మధ్య అటువంటి ఒప్పందం లేదని పోటీ కమిషన్ 2018లో తేల్చగా, సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో దానిని సమర్థించినది. గిరాకీ వేళ పెంపు మూల కిరాయికి ఒకటిన్నర రెట్లు దాటరాదని కేంద్రం 2020లో మార్గదర్శకాలు ఇచ్చినది. 2025 జులైలో దానిని రెండు రెట్లకు పెంచినది.

లారీలకు వచ్చేసరికి

కార్లలో జరిగినది లారీలలోనూ జరుగుతుందా అన్నదే డెల్టా బ్రోకర్ల ముందున్న ప్రశ్న. ఇందులో సగం ఇప్పటికే జరిగినది. 2015లో బెంగుళూరులో మొదలైన బ్లాక్‌బక్ కంపెనీ మొదట లోడుకూ లారీకీ మధ్య తానే నిలబడి కిరాయి మాట్లాడే పద్ధతితో వచ్చినది. క్రమంగా ఆ బరువు దించుకుని, టోల్‌గేటు ఫాస్టాగ్, డీజిలు చెల్లింపులు, బండి ఎక్కడున్నదో చూపించే జి.పి.ఎస్. పరికరాల అద్దె మీదికి మళ్లినది. 2024 నవంబరులో షేర్లు అమ్మకానికి పెట్టినప్పుడు కంపెనీ పత్రాలలో చూపిన ప్రకారం 2023-24లో 9.6 లక్షలకు పైగా లారీ యజమానులు దాని సేవలు వాడారు. లోడు కుదర్చడం కంటె, కుదిరిన లోడు దారిలో పెట్టే ఖర్చు మీద రాబడి నిలకడగా ఉంటుందని అది గ్రహించినట్లున్నది.

2018 ఏప్రిల్ నుంచి ఈ-వే బిల్లు, 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి అయిన తరువాత బండి కదలిక దాచిపెట్టగలిగిన రహస్యం కాదు. ఈతకోట గేటు ఎప్పుడు దాటినదో, ఉంగుటూరు గేటు ఎప్పుడు దాటినదో యజమాని ఫోనుకు క్షణంలో వస్తున్నది. “బండి వచ్చేస్తున్నదండీ, తణుకు దాటినది” అన్న మాట మీద గంటలు గడిపే రోజులు పోయినవి.

అయినా లారీ వేరు, ఆటో వేరు. ప్రయాణికుడు ఎక్కినా దిగినా ప్రయాణికుడే. డెల్టా సరుకులు అలా కాదు. చేపల లోడుకు ఐసు, ట్రేలు తెలిసిన డ్రైవరు కావాలి. రాత్రి ఎక్కడా అనవసరంగా ఆగకూడదు. కడియం మొక్కలకు నిలువుగా సర్దే చోటు కావాలి, గాలి తగలాలి. గుడ్ల బండి గతుకుల మీద పరుగెత్తితే లెక్క మారిపోతుంది. అరటి ఒక్క పూట ఆలస్యమైతే అవతలి యార్డులో ధర కోస్తారు. బియ్యం, కొబ్బరి ఒక రోజు ఆగగలవు. కాబట్టి ఫోనులో “పన్నెండు చక్రాల బండి ఖాళీ” అన్న కబురు బియ్యానికి చాలును, చేపకు చాలదు. ఆగగలిగిన సరుకుల కమీషన్ మీదనే ముందుగా ఒత్తిడి వస్తుందని అంచనా వేయవచ్చు.

రెండవ తేడా పూచీ. నగర కిరాయిలో పోతే వందో రెండు వందలో పోతుంది. లారీలో లక్షల సరుకు ముక్కు ముఖం తెలియని డ్రైవరు చేతికి పోతుంది. అడ్వాన్సు ఎంత ఇవ్వాలి, బాకీ కిరాయి ఎప్పుడు ఇవ్వాలి, అవతల దిగుమతి ఆలస్యమైతే హాల్టింగు ఎవరు భరించాలి, కాటాలో తరుగు వస్తే ఎవరితో మాట్లాడాలి? వీటన్నింటికీ నిన్నటివరకు ఒకే జవాబు, బ్రోకరు. లోడు చూపించినందుకు, పూచీ పడినందుకు కలిపి ఒకే కమీషన్ తీసుకునే అలవాటు వల్ల దేనికి ఎంత అన్నది ఎవరూ విడదీయలేదు. ఇప్పుడు మొదటిది ఫోనులో దాదాపు ఊరకనే దొరుకుతున్నది. రెండవదానికి విడిగా ధర కట్టి, రసీదు రాసి, సరుకు చేరకపోతే ఇంతవరకు తామే ఇచ్చుకుంటామని చెప్పగలిగిన లారీ ఆఫీసులకు వర్తకులు ఎంత చెల్లించడానికి సిద్ధపడతారన్నది రాబోయే అరటి సీజనులో రావులపాలెంలోనే ముందుగా తేలవచ్చు.