తెరమీది ఇంజనుకు రంగులు

సబ్బవరమున రైలు స్టేషను లేదు. ఇంజనును చూడవలెనన్న అనకాపల్లికో, దువ్వాడకో పోవలెను. అయినను అచటి యింట కంప్యూటరు ముందు కూర్చుండియే ఇంజనుకు రంగు వేయవచ్చును.

2001లో వెలువడిన మైక్రోసాఫ్ట్ ట్రైన్ సిమ్యులేటరు ఆటకై చేయబడిన నమూనాలను, ఉచితముగా లభించు ఓపెన్ రైల్స్ నేటికిని నడపగలదు. వీనిలో ఇంజను ఆకృతి వేరు, దానిపై చుట్టిన చదునైన బొమ్మ వేరు. ఏటికొప్పాక బొమ్మలో కొయ్య వేరు, లక్కరంగు వేరు కదా! మనము మార్చునది ఆ రంగుపొరను మాత్రమే.

మొదట ఇంజను ఫోల్డరునంతటిని వేరొక పేర నకలు తీయుడు; మూలమును ముట్టకుడు. బొమ్మ కొలతను మార్చకుడు. అందలి ఒక ముక్కకు మాత్రమే ఎర్రరంగు పూసి, ఆటలో చూడుడు. ఆ ముక్క ఇంజనుపై ఎచట పడునో తెలియును. కొన్ని నమూనాలలో ఇరుప్రక్కలకు ఒకే ముక్కను వాడుదురు. అప్పుడు అక్షరములు ఒకవైపున అద్దములోవలె తిరగబడును.

రంగును ఊహించి వేయరాదు. 1964 నుండి వారణాసిలో తయారైన డబ్ల్యు.డి.ఎం.2 డీసెలు ఇంజనులు మన పట్టాలపై దశాబ్దములు నడిచినవి. విద్యుదీకరణముతో డీసెలు ఇంజనులు తగ్గిపోవుచున్నవి. వాని పాత రంగులు ఛాయాచిత్రములలోను, పెద్దల జ్ఞాపకములలోను మిగులుచున్నవి. కావున పట్టీ ఎత్తును, అంకెల చోటును చిత్రముతో సరిచూడుడు. ఎండనుబట్టి చిత్రములో రంగు మారును గనుక ఒకటికి మూడు చిత్రములు చూచుట మేలు. తప్పుగా వేసిన రంగు, చూడనివారికి తప్పు జ్ఞాపకమగును.

ఇతరులకు పంచదలచినచో నమూనా చేసినవారి అనుమతి పొందుడు. రంగు మనది, ఆకృతి వారిది.